మృగశిర రాకముందే స్టాంపుల పెట్టె సర్దుకోండి

మా నాన్నగారికి కాకినాడలో కోర్టు దగ్గర చిన్న రబ్బరు స్టాంపుల కొట్టు ఉండేది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, దాని మీద మూస తీసి, అందులో పచ్చి రబ్బరు పెట్టి వేడి ప్రెస్సులో నొక్కేవారు. గంధకం కలిసిన ఆ రబ్బరు వాసన ఇంటికొచ్చాక కూడా ఆయన చొక్కాకి ఉండేది. నేను చేసేది వేరే పని. పుట్టినరోజు కార్డులు, సీమంతానికి ఇచ్చే గిఫ్టుల మీద ట్యాగులు, శుభలేఖల కవర్ల మీద చిన్న ముద్రలు. కానీ సామాను చూసుకునే పద్ధతి మాత్రం ఆ కొట్లో నేర్చుకున్నదే.

నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు ముందుగా ఏ స్టాంపులు కొనాలని అడుగుతారు. "కొన్నాక ఎక్కడ పెడతావమ్మా?" అని నేను అడుగుతాను. మా ఊళ్లో జూన్‌లో మొదలైన తడి నవంబరు దాటినా గాలిలో ఉంటుంది, పైగా సముద్రం మీంచి వచ్చే ఉప్పు. నేను ఇన్నేళ్లలో పారేసిన సామానులో వాడి వాడి అరిగిపోయినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం పెట్టెలో కూర్చుని పాడైనవే.

అందుకే ఏటా రోహిణి కార్తెలో ఒక రోజు పెట్టుకుంటాను. నేల మీద పాత దుప్పటి పరిచి, ఫ్యాను వేసి, మొత్తం సామాను బయటికి తీస్తాను. గది నీడగా ఉండాలి. ఎండ బాగుంది కదా అని డాబా మీద ఆరబెట్టకండి, రబ్బరుకీ ప్లాస్టిక్‌కీ ఎండ పడదు.

స్టాంపులు

రబ్బరు స్టాంపుని వాడగానే రఫ్ కాగితం మీద రెండు మూడు సార్లు, ముద్ర పడడం ఆగేదాకా నొక్కండి. సగం ఇంకు అక్కడే పోతుంది. తర్వాత పాత నూలు పంచె ముక్కని తడిపి, గట్టిగా పిండి, నాలుగు మడతలు వేసి పళ్లెంలో పెట్టుకోండి. దాని మీద స్టాంపుని నొక్కి తీస్తూ ఉండాలి, రుద్దకూడదు. సన్న గీతల్లో ఇంకు ఎండిపోయి ఉంటే మెత్తటి టూత్ బ్రష్, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. చెక్క పిడి ఉన్న స్టాంపుని కొళాయి కింద పెట్టకండి. చెక్క ఉబ్బుతుంది, రబ్బరుకీ చెక్కకీ మధ్య ఉన్న జిగురు వదిలేస్తుంది. బేబీ వైప్స్ వాడేవాళ్లు లోషన్ లేనివి చూసుకోండి, ఆ జిడ్డు ఉంటే తర్వాతి ముద్ర మచ్చలుగా పడుతుంది.

కిరసనాయిలు, పెట్రోలు, కొబ్బరినూనె దగ్గరికి రానివ్వకండి. ఒకాయన నాన్నగారి దగ్గరికి "ధ్రువీకరించడమైనది" అనే స్టాంపు పట్టుకుని వచ్చారు, అక్షరాలు సరిగ్గా పడడం లేదని. నాన్నగారు దాన్ని వెలుగులోకి తిప్పి నాకు చూపించారు. రబ్బరు ఉబ్బి, 'ధ' కింద ఉండాల్సిన చిన్న గీత పైనున్న అక్షరంలో కలిసిపోయింది. అంచులు గుండ్రంగా అయిపోయాయి. "దీన్ని కిరసనాయిలుతో కడిగారా అండీ?" అన్నారు. అవునన్నారాయన. రబ్బరు నూనె తాగితే ఉబ్బుతుంది, మళ్లీ మునుపటి ఆకారానికి రాదు. కొత్తది చేసి ఇచ్చారు.

పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపుల సంగతి వేరు. ఇవి అక్రిలిక్ దిమ్మకి వాటంతట అవే అంటుకుంటాయి. అంటుకోవడం మానేస్తే పాడైపోయాయని చాలామంది పక్కన పడేస్తారు. దుమ్మూ, చేతి జిడ్డూ పట్టడం వల్ల అలా అవుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం గిన్నెల లిక్విడ్ వేసి కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనిస్తే మళ్లీ అంటుకుంటాయి. దిమ్మని కూడా కడగాలి. స్టేజాన్ లాంటి సాల్వెంట్ ఇంకులు నీళ్లకి పోవు, వాటి క్లీనరు వాడాలి. పాలిమర్ మీద మాత్రం ఆ క్లీనరుని నిలవనివ్వకుండా వెంటనే సబ్బు నీళ్లతో కడిగేయండి. రంగు మరక మిగిలితే మిగలనివ్వండి, దానివల్ల నష్టం లేదు.

"ముద్రని బోర్లా పడుకోబెట్టకూడదమ్మా" అనేవారు నాన్నగారు. చెక్క పిడివి ముఖం పైకి ఉండేలా, ఒక్క వరుసలో పెడతాను. ఒకదాని మీద ఒకటి వేస్తే పైదాని బరువుకి కిందదాని గీతలు అణుగుతాయి. పాలిమర్ వాటికి పాత సీడీ కవర్లంత మంచి ఇల్లు ఇంకోటి లేదు. లోపల స్టాంపులు ఒకదానికొకటి తగలకుండా అంటించి, పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. మెత్తగా సాగే వినైల్ పౌచ్‌లలో మాత్రం పెట్టకండి, నెలల తరబడి ఉంటే అతుక్కుపోతాయి.

ఇంకు ప్యాడ్లు

డై ఇంకు నీళ్లలా పల్చగా ఉంటుంది, కాగితంలోకి ఇంకిపోతుంది, త్వరగా ఆరుతుంది. వెలుగులో ఎక్కువ కాలం ఉంటే వెలిసిపోతుంది. పిగ్మెంట్ ఇంకు చిక్కగా కాగితం పైనే నిలుస్తుంది, నెమ్మదిగా ఆరుతుంది, అందుకే ఎంబాసింగ్ పొడి (వేడి చేస్తే కరిగి ముద్రని ఉబ్బెత్తుగా నిలిపే పొడి) దాని మీద పట్టుకుంటుంది. డై ప్యాడ్లని బోర్లా పెట్టండి, ఇంకు పైపొరకి దిగి ఉంటుంది. అలా బోర్లా పెట్టినప్పుడు రంగు కనపడాలంటే తెల్ల స్టిక్కరు మీద ఆ ప్యాడుతోనే ముద్ర వేసి అడుగున అంటించుకోవాలి. మూత మీద కంపెనీ వేసిన రంగుకీ కాగితం మీద పడే రంగుకీ చాలా తేడా ఉంటుంది.

ప్యాడు ఎండితే నీళ్లు పోయకండి. రంగు పల్చబడుతుంది, మా ఊరి వాతావరణంలో బూజు కూడా పడుతుంది. అదే రంగు రీఇంకర్ (ప్యాడుని మళ్లీ నింపే ఇంకు సీసా) చుక్కలు వరుసలుగా వేసి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా పరచి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. ఆఫీసుల్లో వాడే స్టాంపు ప్యాడుతో కార్డులు చేయకండి. అది ప్యాడులో ఎండిపోకుండా ఉండేలా తయారు చేసిన ఇంకు, నునుపు కాగితం మీద మర్నాటికి కూడా చేతికి అంటుకుంటుంది.

కాగితం

నాకు అన్నింటికంటే టెన్షన్ పెట్టేది కాగితమే. కార్డు అడుగుకి 250 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు) అట్ట వాడతాను, లోపల రాసే కాగితానికి 120 సరిపోతుంది. కాగితంలో పీచు ఒక వైపుకి నడుస్తుంది. తడి తగిలితే ఆ పీచు పొడవు కంటే వెడల్పుకి ఎక్కువ ఉబ్బుతుంది, అందుకే కాగితం గొట్టంలా చుట్టుకుంటుంది. పీచు ఎటు ఉందో తెలుసుకోవాలంటే మడత పడకుండా రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. సులువుగా వంగిన వైపు మడత వేస్తే గీత శుభ్రంగా వస్తుంది. రెండో వైపు వేస్తే మడత మీద పొర చిట్లి తెల్లగా కనిపిస్తుంది.

కాగితాన్ని పడుకోబెట్టే ఉంచండి. నిలబెడితే ఆరు నెలల్లో నడుం వంగుతుంది. ఏ4 కాగితానికి చీరల షాపు వాళ్లిచ్చే అట్టపెట్టెలు సరిపోతాయి, 12 అంగుళాల స్క్రాప్‌బుక్ కాగితాలకి మాత్రం కొలిచి చూసుకోవాలి. స్వీటు డబ్బాలు ఎంత అందంగా ఉన్నా వాడకండి. కాజాల డబ్బాని ఎంత తుడిచినా నెయ్యి వాసన, పంచదార మిగులుతాయి. ముందు చీమలు వస్తాయి, తర్వాత కాగితం మీద నూనె మరక. పెట్టెని నేల మీద గానీ, వాన కొట్టే బయటి గోడకి ఆనించి గానీ పెట్టకూడదు. గోడకీ అరకీ మధ్య జానెడు ఖాళీ ఉంచితే గాలి ఆడుతుంది.

వెండి రంగులో మెరుస్తూ పరిగెత్తే సిల్వర్ ఫిష్ పురుగు పిండి పదార్థం కోసం వస్తుంది. మైదా జిగురుతో చేసినవి, పాత అట్టపెట్టెలు దానికి ఇష్టం. అందుకే మైదా జిగురు మానేసి ఫెవికాల్ పల్చగా రాస్తాను. కలరా ఉండలు వేయను, ఆ వాసన కార్డుకి పడుతుంది. సీమంతం కార్డు తెరిచినావిడకి బీరువా వాసన రాకూడదు.

ప్రతి పెట్టెలో ఒక సిలికా జెల్ సంచీ వేస్తాను. నీలం గింజలు గులాబీ రంగుకి మారితే తడి పీల్చుకుని నిండాయని అర్థం. నీలం వాటిలో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి వంట పాత్రల్లో వేడి చేయకండి. నేను నారింజ రంగువి కొంటాను, వాటికి విడిగా ఒక పాత ట్రే పెట్టుకుని ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి.

మిగతావి

వాన రోజు ఎంబాసింగ్ పొడి అక్కర్లేని చోటల్లా అంటుకుంటుంది. పల్చటి నూలు గుడ్డలో రెండు చెంచాల టాల్కం పౌడర్ మూట కట్టి, ముద్ర వేయకముందే కాగితం మీద మెల్లగా అద్దండి. మిగిలిన పొడిని మడిచిన కాగితం మీంచి సీసాలోకి పోసి వెంటనే మూత బిగించండి, తడి చెంచా పెట్టకండి. కాగితాన్ని పువ్వులు, ఆకుల ఆకారంలో కోసే సన్నటి ఇనుప డైలు ఉప్పు గాలికి తుప్పు పడతాయి, పొడి గుడ్డతో తుడిచి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. జిగురు సీసా మూతికి మామూలు గుండుసూది గుచ్చితే గోధుమ రంగు తుప్పు చుక్క కార్డు మీద పడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీల్‌దే వాడండి. పంచ్ మొద్దుబారితే అల్యూమినియం ఫాయిల్ మడిచి పదిసార్లు కొట్టండి, బిగుసుకుంటే మైనం పూసిన కాగితం మీద కొట్టండి. కటింగ్ మ్యాట్ చదునుగా ఉండాలి, వేడి తగిలితే వంకర పోతుంది, తర్వాత సరిచేయలేం. రెండు మూతుల మార్కర్లు అడ్డంగా పడుకోబెట్టాలి.

ముద్రల పుస్తకం

సర్దిన రోజే ఒక నోటుబుక్ మొదలుపెట్టండి. ప్రతి స్టాంపూ అందులో ఒకసారి వేసి, పక్కన పెట్టె నంబరు, అర నంబరు రాయండి. నాన్నగారు కొట్లో చేసిన ప్రతి స్టాంపునీ అలా ఒక లావు పుస్తకంలో వేసి ఉంచేవారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కొట్టు పైకప్పు రేకు ఎగిరిపోయింది. మర్నాడు వెళ్లి చూస్తే కాగితాలన్నీ ముద్దయిపోయాయి, పిడులు ఊడి నీళ్లలో తేలుతున్నాయి. ఊడిన రబ్బరు ముక్కల్ని మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాం. ఏ ముక్క ఎవరిదో పోల్చుకోవడానికి ఆ పుస్తకమే దిక్కయింది. అది ఇంట్లో అటక మీద, ఇనుప ట్రంకు పెట్టెలో ఉండబట్టి తడవలేదు. నేను పేజీ తిప్పుతుంటే ఆయన ముక్క తీసుకుని దానికి ఆనించి సరిచూసి, కొత్త పిడికి అతికించేవారు. మూడు రోజులు పట్టింది.

నా పుస్తకం కూడా ఇప్పుడు అదే ట్రంకు పెట్టెలో ఉంది. కొత్త స్టాంపు కొంటే ముందు అందులో వేశాకే పెట్టెలోకి వెళ్తుంది. కొనేముందు ఒకసారి తిరగేస్తాను కాబట్టి ఉన్న పువ్వునే మళ్లీ కొనడం తప్పింది. ఈ వారం చేరింది తామర మొగ్గ: నాలుగో పెట్టె, రెండో అర.