ప్రాథమిక బడిలో పిల్లల మధ్య వేధింపులు లేకుండా చూసుకోవడం: తల్లిదండ్రులతో కలిసి చేయవలసిన పని

ఏ మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళి పిల్లల మధ్య వేధింపుల గురించి అడిగినా, "మా దగ్గర అలాంటివేమీ లేవండీ, చిన్నపిల్లలు కదా, పొద్దున కొట్టుకుంటారు, మధ్యాహ్నానికి కలిసిపోతారు" అన్న సమాధానమే ఎక్కువగా వస్తుంది. ఆ మాట పూర్తిగా తప్పు కాదు. చాలా తగవులు నిజంగానే అలా ముగుస్తాయి. మధ్యాహ్నానికి కూడా ఎవరితోనూ కలవలేని పిల్లలు మాత్రం నోరు విప్పరు కనుక వాళ్ళ బాధ ఎవరి లెక్కలోకీ రాదు. ఆ పిల్లలు ధైర్యంగా నోరు విప్పగలిగే బడిని తయారుచేసుకోవడానికి ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి చేయవలసిన పనులను, బడిలో పనిచేసిన అనుభవంతో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా తగవుకూ వేధింపుకూ ఉన్న తేడాను అందరూ ఒకే విధంగా అర్థం చేసుకోవాలి. 1982 చివర్లో నార్వేలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్న తరువాత, 1983లో ఆ దేశం బడుల్లో వేధింపులకు వ్యతిరేకంగా పెద్ద ప్రయత్నం మొదలుపెట్టింది. అందులో ముఖ్యపాత్ర వహించిన పరిశోధకుడు డాన్ ఓల్వేయస్ వేధింపుకు మూడు గుర్తులు చెప్పాడు: అది కావాలని చేసేది, మళ్ళీ మళ్ళీ జరిగేది, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉన్నచోట జరిగేది. గోలీల కోసం ఇద్దరు మూడో తరగతి పిల్లలు కలబడితే అది తగవు. నాలుగో తరగతి పిల్లలు నలుగురు కలిసి రెండో తరగతి పిల్లవాణ్ణి రోజూ కుళాయి దగ్గర ఆపి నెత్తిమీద మొట్టుతూ ఉంటే అది వేధింపు. బలం అంటే ఒంటిబలం మాత్రమే కాదు. వయసు, కులం, డబ్బు, మాట్లాడే భాష, ఒంటి రంగు, చదువులో ముందుండటం, పక్కన నిలబడే స్నేహితుల సంఖ్య, ఇవన్నీ పిల్లల లోకంలో బలాలే. ఆడపిల్లల మధ్య ఇది తరచుగా చేయి చేసుకోవడంగా కాక "నీతో పచ్చి", "దానితో ఎవరూ మాట్లాడొద్దు" అన్న మాటలుగా కనిపిస్తుంది. వారం రోజులు తరగతిలో ఎవరూ పలకరించకపోవడం ఎనిమిదేళ్ళ పిల్లకు దెబ్బకంటే పెద్ద శిక్ష.

ఎక్కడ జరుగుతుందో పిల్లలనే అడగండి

వేధింపు సాధారణంగా పాఠం జరుగుతున్నప్పుడు జరగదు. ఇంటర్వెల్ బెల్లుకూ మళ్ళీ తరగతిలో కూర్చోవడానికీ మధ్య, మధ్యాహ్న భోజనం వరుసలో, కంచాలు కడిగే కుళాయి దగ్గర, మరుగుదొడ్ల వెనుక, సాయంత్రం ఆటోలో, ఇంటికి వెళ్ళే దారిలో జరుగుతుంది. జూన్‌లో బడి తెరిచిన రెండు మూడు వారాలకు, పిల్లలు ఒకరికొకరు అలవాటు పడ్డాక, మూడు నుంచి అయిదు తరగతుల వాళ్ళకు తలా ఒక కాగితం ఇచ్చి బడి బొమ్మ గీయమనండి. తమకు బాగున్నట్టు అనిపించే చోట ఆకుపచ్చ రంగు, భయం వేసే చోట ఎరుపు రంగు వేయమనండి. కాగితం మీద పేరు రాయవద్దని, ఎవరి పేరూ చెప్పనక్కరలేదని ముందే స్పష్టంగా చెప్పండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలతో అయితే బడంతా కలిసి నడుస్తూ "ఇక్కడ ఎలా ఉంటుంది?" అని అడిగితే చాలు.

ఈ బొమ్మలను ఒకచోట పరిచి చూసినప్పుడు, పెద్దలు అనుకున్న చోటు ఒకటి, పిల్లలు ఎరుపు వేసిన చోటు మరొకటి కావడం నేను చూశాను. అప్పుడు చేయవలసిన పని సులభమైనదే. ఎరుపు పడిన చోట, ఆ సమయంలో, ఒక పెద్ద మనిషి నిలబడాలి. ఇద్దరు ఉపాధ్యాయులే ఉన్న బడిలో అన్నిచోట్లా నిలబడటం సాధ్యం కాదు కనుక, భోజనం వండే అమ్మలనూ, ఆయానూ, వీలున్న తల్లులనూ ఈ పనిలో కలుపుకోవాలి. వాళ్ళు ఎవరినీ కొట్టనక్కరలేదు, కేకలు వేయనక్కరలేదు. పెద్దలు చూస్తున్నారని పిల్లలకు తెలిస్తే జరగబోయేవాటిలో సగం జరగవు. పిల్లలు తమ బాధను ఉపాధ్యాయుడికంటే ముందు వంటమ్మకు చెప్పుకోవడం కూడా మామూలే. అందువల్ల విన్నది ఎవరితో చెప్పాలో ఆమెకు తెలిసి ఉండాలి.

పెద్దలు మానుకోవలసినవి

ఈ విషయం మీద కొంత ఎక్కువగా రాయవలసి ఉంది, ఎందుకంటే పిల్లలు వేధించడాన్ని చాలావరకు మన దగ్గరే నేర్చుకుంటారు. తరగతి లీడర్‌కు బెత్తం ఇచ్చి, "మాట్లాడిన వాళ్ళ పేర్లు బోర్డు మీద రాయి" అని ఉపాధ్యాయుడు పక్క గదికి వెళ్ళడం మన బడుల్లో ఎంత పాత అలవాటో అందరికీ తెలుసు. ఆ పావుగంటలో ఆ పిల్లవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో, పెన్సిలు ఇచ్చిన వాళ్ళ పేరు ఎలా చెరిగిపోతుందో, పడనివాళ్ళ పేరు మాట్లాడకపోయినా ఎలా ఎక్కుతుందో పిల్లలను అడిగితే చెబుతారు. ఎక్కం చెప్పలేని పిల్లవాణ్ణి చెప్పగలిగిన పిల్లవాడి చేత చెంపదెబ్బ కొట్టించడం, మార్కుల వరుసలో కూర్చోబెట్టడం, "ఒరేయ్ నల్లోడా", "సోడాబుడ్డీ" అని ఉపాధ్యాయులే ముద్దుగా పిలవడం, ఇవన్నీ ఆ పిల్లవాణ్ణి ఎవరైనా ఏమైనా అనవచ్చని మిగతా పిల్లలకు ఇచ్చే అనుమతిపత్రాలు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. పిల్లల మధ్య గౌరవం కావాలని కోరుకునే బడి మొదటి అడుగు వేయవలసింది అక్కడే. లీడర్ పదవిని వారానికి ఒకరికి చొప్పున అందరికీ ఇచ్చి, సుద్దముక్కలు తేవడం, నీళ్ళ బిందె చూడటం, రానివాళ్ళెవరో చెప్పడం వంటి పనులు మాత్రమే అప్పగించండి. శిక్షించే పని ఏ పిల్లవాడికీ ఇవ్వకండి.

నియమాలు మూడో నాలుగో ఉంటే చాలు, అవి పిల్లల మాటల్లో ఉండాలి. ఎవరినైనా వాళ్ళ పేరుతోనే పిలుద్దాం. ఒంటరిగా ఉన్నవాళ్ళను ఆటలోకి పిలుద్దాం. వద్దన్నప్పుడు ఆగిపోదాం. ఎవరినైనా ఏడిపిస్తుంటే పెద్దవాళ్ళకు చెబుదాం. ప్రార్థన సమావేశంలో వారానికి ఒకసారి వీటిలో ఒకదాని గురించి అయిదు నిమిషాలు మాట్లాడితే సరిపోతుంది.

చాడీ వేరు, సాయం అడగడం వేరు

"చాడీలు చెప్పొద్దు, పోయి కూర్చో" అన్న ఒక్క మాటతో పిల్లల నోళ్ళు ఏళ్ళ తరబడి మూతపడతాయి. ఉపాధ్యాయుడికి ఓపిక లేక అనే మాటే అది, అయినా ఫలితం మారదు. అందుకని ఈ తేడాను పిల్లలకు విడిగా నేర్పాలి: ఎదుటివాణ్ణి తిట్టించడానికి చెప్పేది చాడీ, నాకో, నా తోటివాళ్ళకో దెబ్బ తగలకుండా, బాధ కలగకుండా ఉండటానికి చెప్పేది సాయం అడగడం. రెండిటికీ ఉదాహరణలు చెప్పి, "ఇది ఏది?" అని అడుగుతూ ఆటలా ఆడిస్తే రెండో తరగతి పిల్లలు కూడా పట్టుకుంటారు. ఫిర్యాదుల పెట్టె పెద్ద తరగతులకు పనికొస్తుంది కానీ, అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు అది గోడకు తగిలించిన డబ్బా మాత్రమే. వాళ్ళకు ఒక మనిషి కావాలి. "నీకు భయం వేస్తే ఈ బడిలో ఎవరికి చెబుతావు?" అని ప్రతి పిల్లనూ, పిల్లవాణ్ణీ విడిగా అడిగి, వచ్చిన పేరును రాసిపెట్టుకోండి. ఎవరి పేరూ చెప్పలేని పిల్లల మీద ముందుగా దృష్టి పెట్టండి.

ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు ఎలా నడుచుకోవాలన్నది అసలైన పరీక్ష. కూర్చోబెట్టి, పూర్తిగా విని, "చెప్పి మంచి పని చేశావు" అనండి. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి "నిజం చెప్పండి" అని గద్దించకండి. బలవంతుడి ముందు బలహీనుడు నిజం చెప్పలేడు. నేను ఒకప్పుడు ప్రార్థనలో అందరి ముందూ ఒక పిల్లవాడి చేత సారీ చెప్పించి, చేతులు కలిపించి, సమస్య తీరిందని సంతోషించాను. ఫిర్యాదు చేసిన పిల్లవాడు ఆ తరువాత నా దగ్గరికి మళ్ళీ రాలేదు. సాయంత్రం దారిలో ఏం జరిగిందో నాకు చాలా రోజుల తరువాత వాళ్ళ అమ్మ చెప్పింది. అప్పటినుంచి ఎవరు చెప్పారన్నది బయటపెట్టకుండా, ఏడిపించిన పిల్లలతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకుని, రెండు రోజుల తరువాత ఒకసారి, వారం తరువాత మరోసారి బాధపడిన పిల్లవాణ్ణి "ఇప్పుడెలా ఉంది?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ రెండోసారి అడగడంలోనే పిల్లలకు నమ్మకం కుదురుతుంది.

చూస్తూ నిలబడే పిల్లలను మరిచిపోకూడదు. ఫిన్లండ్‌లోని టుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టినా సాల్మివల్లి బృందం తయారుచేసిన 'కివా' కార్యక్రమం ప్రధానంగా వీళ్ళ మీదే ఆధారపడింది. చుట్టూ నవ్వేవాళ్ళు లేకపోతే ఏడిపించేవాడికి ఉత్సాహం ఉండదు. ఎదిరించమని చిన్నపిల్లలకు చెప్పడం ప్రమాదం. నవ్వకుండా ఉండమని, ఏడిపించబడిన పిల్లవాణ్ణి "రా, ఆడుకుందాం" అని పక్కకు తీసుకువెళ్ళమని చెప్పవచ్చు, అది వాళ్ళు చేయగలరు.

తల్లిదండ్రులతో పని

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి, వెనుకబడిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగినంత ప్రాతినిధ్యం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగాయి. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. కాబట్టి కూర్చోవడానికి వేదిక లేదని అనలేము. ఆ వేదిక మీద గోడల సున్నం, వంటగది, యూనిఫాం గురించి మాట్లాడి సంతకాలతో ముగించకుండా, ప్రతి సమావేశంలోనూ మొదటి పావుగంటను పిల్లలు ఒకరితో ఒకరు ఎలా ఉంటున్నారన్న విషయానికి కేటాయించాలి. కూలికి వెళ్ళే తల్లులు పదకొండు గంటలకు రాలేరు. సాయంత్రం ఆరుగంటలకు, అవసరమైతే వాళ్ళ వాడలోనే, సమావేశం పెట్టండి. రాలేని వాళ్ళ పిల్లలే తరచుగా బాధపడే పిల్లలు.

మొదటి సమావేశంలో ఏ సంఘటననూ ఎత్తకండి. పిల్లలు గీసిన బొమ్మలను చూపించి, "ఇవి మన పిల్లలు గీసినవి" అని వాళ్ళ ముందుంచండి. ఆ తరువాత రెండు విషయాలు అడగండి. ఒకటి, ఇంట్లో ఇతరుల పిల్లలను కులం పేరుతోనో, అవిటితనం పేరుతోనో, మారుపేరుతోనో ప్రస్తావించకూడదని. పిల్లలు బడికి తెచ్చే తిట్లు ఇంటి అరుగు మీద విన్నవే. రెండు, "ఎవడైనా కొడితే నువ్వూ రెండు తగిలించు" అన్న సలహాను మానుకోమని. ఆ సలహా వెనుక ఉన్న ప్రేమను తప్పుపట్టకుండా, బలంలో తేడా ఉన్నప్పుడే వేధింపు జరుగుతుంది కనుక తిరగబడిన చిన్నవాడికి రెండింతలు దెబ్బలు పడతాయని వివరించండి. "ఈరోజు ఏం చెప్పారు?" అన్న ప్రశ్నతో పాటు "భోజనానికి ఎవరి పక్కన కూర్చున్నావు? ఎవరితో ఆడావు?" అని అడగమనండి. పొద్దున్నే కడుపునొప్పి, తరచుగా పోయే పెన్సిళ్ళు, దారి మార్చి రావడం, బడిలో మరుగుదొడ్డికి వెళ్ళకుండా ఇంటిదాకా ఆపుకోవడం కనిపిస్తే బడికి చెప్పమనండి.

ఏడిపించిన పిల్లవాడి తల్లిదండ్రులను పిలిపించేటప్పుడు ఎంతో జాగ్రత్త అవసరం. పదిమందిలో కాక విడిగా కూర్చోబెట్టండి. "మీవాడు ఆటల్లో బాగా ముందుంటాడండీ, పిల్లలు అతని మాట వింటారు. ఆ మాటను వాడు కొన్నిసార్లు తప్పుగా వాడుతున్నాడు, మీ సాయం కావాలి" అని మొదలుపెడితే వాళ్ళు వింటారు. "మీ పెంపకం" అన్న మాట ఎత్తితే వినరు, ఇంటికి వెళ్ళాక ఆ పిల్లవాడికి బెల్టు దెబ్బలు పడతాయి, మరునాడు ఆ కోపం మళ్ళీ చిన్నపిల్లల మీదే తీరుతుంది. కొట్టవద్దని స్పష్టంగా అడగండి. పాడుచేసిన పుస్తకానికి అట్ట వేసి ఇవ్వడం, కొద్దిరోజులు చిన్న తరగతి పిల్లలకు భోజనం వడ్డించడంలో సాయపడటం వంటి, తప్పును సరిదిద్దే పని ఒకటి మీరూ ఆ తల్లిదండ్రులూ కలిసి నిర్ణయించండి. బాధపడిన పిల్లవాడి తల్లిదండ్రులకు బడి ఏం చేయబోతోందో, ఎప్పుడు మళ్ళీ మాట్లాడుతుందో తేదీతో సహా చెప్పండి. తేదీ లేని హామీని ఎవరూ నమ్మరు. తేదీ చెబితే వాళ్ళు నేరుగా ఎదుటివాళ్ళ ఇంటి మీదికి వెళ్ళరు. ఊళ్ళో ఇది రెండు ఇళ్ళ, రెండు వాడల గొడవగా మారితే పిల్లల సంగతి వెనక్కి పోతుంది. తరగతి వాట్సాప్ గ్రూపులో ఏ పిల్లవాడి పేరూ, ఫొటో, వాయిస్ మెసేజీ పెట్టకూడదన్న ఒప్పందం మొదటి సమావేశంలోనే చేసుకోండి.

కొన్ని విషయాలు కమిటీలో సర్దుబాటు చేసేవి కావు. భోజనం వరుసలో కులాన్ని బట్టి విడిగా కూర్చోబెట్టడం ఏ రూపంలోనూ సహించవలసినది కాదు, అందులో పెద్దల చేయి ఉంటే అది చట్టం చూసే విషయం. లైంగికంగా తాకడం గురించి ఏ చిన్న సూచన అందినా 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తెలిసిన ప్రతివారి బాధ్యత. పెద్దమనుషుల ముందు రాజీకి అక్కడ చోటు లేదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు రాత్రింబవళ్ళు ఉచితంగా పనిచేస్తుంది. దాన్ని బడి గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో పెద్ద అంకెలతో రాయించండి.

లంబాడీ, కోయ మాట్లాడే పిల్లలూ, ఇటుక బట్టీల పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ బడిలో ఉంటే, వాళ్ళ యాసను వెక్కిరించడమే తరచుగా మొదటి వేధింపు అవుతుంది. వాళ్ళ అమ్మనో తాతనో ఒకరోజు బడికి పిలిచి, వాళ్ళ భాషలో ఒక కథ చెప్పించి, పది మాటలు అందరికీ నేర్పించండి. నీళ్ళను, అన్నాన్ని ఆ భాషలో ఏమంటారో తెలుసుకున్న పిల్లలు ఆ మాటలను ఇంటర్వెల్‌లో వాడటం మొదలుపెడతారు.

డిసెంబరులో ఒకసారి, వేసవి సెలవులకు ముందు మరోసారి అదే బొమ్మ మళ్ళీ గీయించి, జూన్ బొమ్మల పక్కన పెట్టి కమిటీకి చూపించండి. కుళాయి దగ్గర ఎరుపు తగ్గి ఆటో దగ్గర పెరిగితే ఆటో నడిపే ఆయనతో మాట్లాడవలసి ఉందన్నమాట. ఏప్రిల్‌లో అయిదో తరగతి ముగించి హైస్కూలుకు వెళ్ళే పిల్లల్లో ఈ ఏడాది బాధపడిన వాళ్ళు ఉంటే, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, అక్కడి ఉపాధ్యాయుల్లో ఒకరికి ఆ పిల్లవాణ్ణి స్వయంగా పరిచయం చేసి రండి.