కంప్యూటర్ స్పీకర్లలో సినిమా మాటలు సరిగ్గా వినపడాలంటే ఏం చేయాలి?

పాట వస్తే గది దద్దరిల్లుతుంది, ఆ వెంటనే ఎవరైనా మెల్లగా మాట్లాడితే ఒక్క ముక్క వినపడదు, సరే అని సౌండ్ పెంచితే ఈలోపు ఫైట్ మొదలై పక్కింటివాళ్ళు కూడా లేస్తారు. మీకూ ఇదే బాధ ఉంటే ముందే కొత్త స్పీకర్లు కొనేయకండి. చాలాసార్లు తప్పు స్పీకర్లలో ఉండదు, వైరు పెట్టిన చోటో విండోస్ సెట్టింగ్‌లోనో ఉంటుంది.

5.1 సౌండ్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఉన్న సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్ ఛానల్లోనే, అంటే మధ్య స్పీకర్‌కి వెళ్ళే దాంట్లోనే ఉంటాయి. సంగీతం ఎక్కువగా ఎడమ, కుడి స్పీకర్లకి వెళ్తుంది, వాన చప్పుడు, జనం గోల లాంటివి వెనక రెండింటికి, ఆ చివరి .1 ఏమో బేస్ కోసం ఉండే సబ్‌వూఫర్‌కి. మీ దగ్గర ఉన్నవి రెండు స్పీకర్లే అయినా విండోస్‌లో 5.1 అని పెట్టి ఉంటే, మాటలన్నీ ఏ వైరూ లేని జాక్‌కి పోతాయి. మా ఇంట్లో 2.1 సెట్‌కి (రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) జరిగింది అచ్చంగా ఇదే, నాన్న చాలా రోజులు తెలుగు సినిమాని కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశారు.

అందుకే మొదట ఇది చూడండి. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి సౌండ్ సెట్టింగ్స్‌కి వెళ్ళండి, విండోస్ 11 అయితే అట్టడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ ఉంటుంది. అందులో ప్లేబ్యాక్, మీ స్పీకర్లు, కాన్ఫిగర్. 2.0 (సబ్‌వూఫర్ లేని రెండు స్పీకర్లు) గానీ 2.1 గానీ ఉన్నవాళ్ళు స్టీరియో, అంటే ఎడమ, కుడి రెండే ఛానల్స్ ఉన్నది ఎంచుకోండి, అప్పుడు సెంటర్ మాటలు రెండు పక్కలకీ కలిసి వస్తాయి.

నిజంగా ఆరు స్పీకర్లు ఉన్నవాళ్ళు వైర్లు సరిచూసుకోవాలి. సీపీయూ వెనక ఆకుపచ్చ జాక్ ముందు స్పీకర్లకి, నలుపు వెనక వాటికి, నారింజ సెంటర్‌కీ సబ్‌వూఫర్‌కీ. మూడే జాక్‌లు ఉన్న మదర్‌బోర్డుల్లో సాధారణంగా నీలం రంగుది వెనక స్పీకర్లకి, గులాబీ మైక్ జాక్ సెంటర్‌కి పనిచేస్తాయి, కాకపోతే సౌండ్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో 5.1 అని పెట్టాలి. తర్వాత కాన్ఫిగర్‌లోనే టెస్ట్ నొక్కి ఒక్కో స్పీకర్ వినండి. సెంటర్‌లో రావాల్సింది సబ్‌వూఫర్‌లో గుడగుడమంటుంటే ఆ రెండూ తారుమారయ్యాయి. చాలా డ్రైవర్లలో వాటిని మార్చే ఆప్షన్ ఉంటుంది, వైరు కోసే పని పెట్టుకోకండి.

ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌లో స్టీరియో మాత్రమే వస్తుంది, మామూలు బ్లూటూత్‌లోనూ అంతే. ల్యాప్‌టాప్‌కి 5.1 కావాలంటే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనాలి, కానీ కొనేముందు దానికి మూడు అవుట్‌పుట్ జాక్‌లు విడివిడిగా ఉన్నాయో లేదో కళ్ళారా చూసుకోండి, డబ్బా మీద 5.1 అని రాసి ఒకే ఒక్క హెడ్‌ఫోన్ జాక్ ఉన్నవి కూడా అమ్ముతున్నారు. స్పీకర్ సెట్ కూడా అంతే. వెనక ఎరుపు, తెలుపు ఇన్‌పుట్‌లు రెండే ఉంటే, లోపలికి వెళ్ళేది స్టీరియోనే, దాన్నే ఐదుకి పంచుతుంది.

సినిమా ఫైల్‌లో అసలు 5.1 ఉందా? వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో కంట్రోల్, జే కలిపి నొక్కితే ఛానల్స్ ఎన్నో కనిపిస్తాయి. కొన్ని ఫైళ్ళలో రెండు ఆడియో ట్రాక్‌లు ఉంటాయి, ఆడియో మెనూలో మార్చి చూడండి.

స్పీకర్లు ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. ముందు రెండూ చెవి ఎత్తులో, మీకూ వాటికీ కలిపి సమత్రిభుజంలా రావాలి. సెంటర్ స్క్రీన్ కిందే, మీ వైపు కొంచెం పైకి వాల్చి. సబ్‌వూఫర్‌ని గది మూలకి నెడితే బేస్ పెరిగి మాటల్ని మింగేస్తుంది, కాబట్టి గోడకి కాస్త దూరంగా జరపండి.

రాత్రిపూట ఇంట్లోవాళ్ళు పడుకున్నాక చూసేవాళ్ళకి వీఎల్‌సీలోనే ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్ కింద కంప్రెసర్ ఉంది, పెద్ద శబ్దాల్ని అణచి చిన్న మాటల్ని పైకి తెస్తుంది. మాటకీ పెదవికీ పొంతన కుదరకపోతే జే, కే మీటలతో కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు.