మొదటిసారి రోజా (రమజాన్ ఉపవాసం) ఉంటున్నారా?

చిన్నప్పుడు నిద్ర లేవలేక సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) మానేసి, అదేదో గొప్పయినట్టు రోజా ఉండేదాన్ని. జుహర్ (మధ్యాహ్న నమాజు) వేళకి తలనొప్పి, అసర్ (సాయంకాలపు నమాజు) వేళకి ఇంట్లో అందరి మీదా విసుగు. సహరీలో బరకత్ (శుభం) ఉంది, తినండి అని దైవప్రవక్త (స) చెప్పారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆకలి లేకపోయినా లేచి గుక్కెడు నీళ్లయినా తాగండి.

చాలామంది పొరబడేది వేళ దగ్గరే. రోజా మొదలయ్యేది సూర్యోదయానికి కాదు, అంతకు చాలా ముందు, తూర్పున తెలుపు అడ్డంగా పరుచుకునే ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) వేళకి. ఖురాన్ 2:187లో నల్లదారం, తెల్లదారం అని ఉన్నది దీని గురించే. అజాన్ అయ్యేదాకా తినొచ్చులే అనుకోకండి. నేనైతే ఐదు నిమిషాల ముందే నోరు కడిగేసుకుంటాను. ఈ రోజు రోజా ఉంటున్నానని ఆ లోపే మనసులో అనుకుంటే అదే నియ్యత్, అంటే సంకల్పం. పైకి చెప్పకపోయినా ఫర్వాలేదు.

ఇక పగలంతా తిండి, నీళ్లు, దాంపత్యం బంద్. ఒక ఏడాది అలవాటు కొద్దీ సీసా ఎత్తి సగం తాగేశాక గుర్తొచ్చింది. ఏడుపొక్కటే తక్కువ! మరిచిపోయి తిన్నా, తాగినా రోజా పోదని హదీసు (దైవప్రవక్త మాట) ఉంది. గుర్తురాగానే ఆపేసి కొనసాగించాలి, అంతే. వాంతి దానంతటదే అయినా పోదు, కావాలని చేసుకుంటే పోతుంది. వుజూలో (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునేటప్పుడు) మాత్రం గొంతుదాకా పుక్కిలించకండి. మిస్వాక్ (పళ్లు తోముకునే పుల్ల) వాడొచ్చు. పేస్ట్ పని సహరీతోనే ముగించుకుంటే టెన్షన్ ఉండదు. అన్నిటికన్నా కష్టం నోటిని ఆపుకోవడం. అబద్ధం మానని మనిషి అన్నపానీయాలు మానడం అల్లాహ్‌కు అవసరం లేదని హదీసు. చాడీలు చెప్పుకుంటూ పొద్దు గడిపిన రోజాలు నాకూ ఉన్నాయి.

నెలసరిలో రోజా ఉండకూడదు. ఆ నమాజులు తిరిగి చదవనక్కర్లేదు గానీ రోజాలు ఖజా ఉండాలి, అంటే తర్వాత వేరే రోజుల్లో తీర్చాలి. ఓసారి రాసుకోక, పోయినవి ఆరా ఏడా అని తికమకపడి ఏడూ ఉన్నాను. ఇప్పుడు ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటున్నాను. దైవప్రవక్త భార్య ఆయిషా (రజి) తన ఖజాలు రమజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెలలో తీర్చుకునేవారు. కాబట్టి కంగారేం లేదు, మళ్లీ రమజాన్ వచ్చేలోగా తీర్చేయండి. ప్రయాణంలోనో, జబ్బు చేసో వదిలిన రోజాలూ ఇలాగే ఖజా ఉండాలి. తగ్గని జబ్బయినా, ముసలితనమైనా ఒక్కో రోజాకు ఒక పేదవాడికి భోజనం పెట్టాలి, అదే ఫిద్యా. షుగర్ మందులు వాడేవాళ్లు ముందే డాక్టర్‌ని అడగండి. మొండితనం భక్తి కాదు.

సూర్యుడు అస్తమించాక ఇఫ్తార్ (రోజా విడవడం) ఆలస్యం చేయకండి. ఖర్జూరం, లేదంటే నీళ్లు. మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) చదివాక మిగతా తిండి. అదీ మితంగా. పీకలదాకా తిని తరావీహ్‌లో (రమజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు) నిలబడితే రెండో రకాతుకే (నమాజులో ఒక వంతు) కునుకు పడుతుంది. నాకు పట్టింది.