విశాఖలో జియాలజీలో చేరారా? ముందు ఈ నాలుగు మాటలు

సీటు వచ్చిందనగానే చుట్టాలు అడిగేది ఒకటే: "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?" యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష, గేట్, జియలాజికల్ సర్వే, ఓఎన్‌జీసీ, గనుల కంపెనీలు ఉన్నాయని చెప్పేయండి. మొదటి ఏడాదే దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

గది మద్దిలపాలెం, పెదవాల్తేరు వైపు చూసుకుంటే ఆంధ్రా యూనివర్సిటీకి నడిచి వెళ్లొచ్చు. బీచ్ ఎదురుగా అద్దెకు దొరికిందని మురిసిపోకండి. ఉప్పుగాలికి రాళ్లు కొట్టే సుత్తి కూడా తుప్పు పడుతుంది.

ఇక్కడి జియాలజీ విభాగం 1941 నాటిది. సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసిన సి. మహదేవన్ దాన్ని మొదలుపెట్టారు. అంత పేరున్న చోట చేరి నోట్సు బట్టీ పట్టి పాసైపోతామంటే అన్యాయమే! ఊరి చుట్టూ కొండలే కదా.

ముందు పదింతలు పెద్దగా చూపించే లెన్స్ సొంతంగా కొనుక్కోండి. దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, రాయినే దగ్గరికి తెచ్చుకోవాలి. చాలామంది రాయి మీద లెన్స్ పెట్టి దూరం నుంచి చూస్తారు, ఏమీ కనబడదు. కాంపస్‌తో స్ట్రైక్ (రాతి పొర సాగే దిక్కు), డిప్ (అది వాలిన కోణం) కొలిచేటప్పుడు సుత్తి పక్కన పెట్టుకోకండి, సూదిని పక్కకు లాగేస్తుంది.

కైలాసగిరి, సింహాచలం కొండల్లో కనిపించేది ఖోండలైట్. ఒకప్పటి బంకమట్టి సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం భూమి లోతుల్లో విపరీతమైన వేడికి అలా మారింది. పైపొర ఎర్రగా పుచ్చిపోయి ఉంటుంది, దాన్ని చూసి పేరు రాసెయ్యకండి. కొత్తగా పగిలిన ముఖం మీద ఎర్రటి గార్నెట్ గింజలు, సూదుల్లాంటి సిల్లిమనైట్ వెతకండి. పక్కనే నూనె రాసినట్టు మెరిసే ముదురు రాయి ఎదురైతే అది చార్నకైట్ కావచ్చు.

భీమిలి వైపు తీరంలో అలలు వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. అయస్కాంతానికి పాలిథిన్ కవర్ చుట్టి, ఆరిన ఇసుక మీద తిప్పండి. మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం గుత్తులుగా అంటుకుంటుంది. మిగిలిన నల్లటి గింజల్లో టైటానియం ఖనిజం ఇల్మెనైట్, గులాబీ రంగు గింజల్లో గార్నెట్ ఉంటాయి. ఇవన్నీ ఆ కొండలు అరిగి వచ్చినవే. చూసి అక్కడే వదిలేయండి, సంచులు నింపుకోకండి. నీళ్లలోకి దిగొద్దు. ఈ తీరంలో ఒడ్డు దాటగానే లోతు, అలలు లాగేస్తాయి.

ఎర్రమట్టి దిబ్బలు, బొర్రా గుహలు, తొట్లకొండ బౌద్ధ స్థలం దగ్గర సుత్తి బయటకు తీయనే కూడదు. డాల్ఫిన్స్ నోస్ మీద నేవీ స్థలాలున్నాయి, ఫొటోలు తీసేముందు బోర్డులు చదవండి. బొర్రాకు కిరండూల్ రైల్లో వెళ్తే దారిలో సొరంగాల మధ్య, పట్టాల కోసం కొండను కోసిన చోట్లు కనిపిస్తాయి. తుపాన్ల కాలమైన అక్టోబర్, నవంబర్‌లలో ఫీల్డ్‌కి బయల్దేరే ముందు వాతావరణ హెచ్చరిక చూసుకోండి.