ఒక కిలో ఉపగ్రహానికి ఎంత ఇంధనం కావాలో లెక్కకట్టడం ఎలా?

ఇప్పుడు ఎక్కువమంది బస్సుల్లోనే వెళ్తున్నా, వరంగల్ నుంచి ఎడ్ల బండి కట్టుకొని మేడారం జాతరకు పోయిన పెద్దలకు రాకెట్టు కష్టం సులభంగా అర్థమవుతుంది. ఎడ్లకు మేత బండిలోనే వేసుకొంటే, ఆ మేత బరువునూ ఎడ్లే లాగాలి. బండికి దారిలో గడ్డి దొరుకుతుంది. రాకెట్టు మాత్రం ఇంధనంతో పాటు దానిని మండించే ఆక్సిజన్‌నూ మోసుకుపోవాలి. ఈ రెండింటినీ కలిపి ఇక్కడ ఇంధనమనే అందాం.

మొదట కావలసిన వేగం చూడండి. భూమికి దగ్గరి కక్ష్యలో తిరగడానికి సెకనుకు 7.8 కిలోమీటర్లు కావాలి; పైకి లేచేటప్పుడు భూమ్యాకర్షణకు, గాలి నిరోధానికి పోయే సుమారు 1.5 కలిపితే 9.3 అవుతుంది. శ్రీహరికోట నుంచి తూర్పుకు ప్రయోగిస్తే భూభ్రమణం వల్ల 0.45 ఊరికే కలిసివస్తుంది గాని, దాన్ని ప్రస్తుతానికి వదిలేద్దాం.

తరువాత 9.3ను ఇంజిను నుంచి వాయువులు వెలువడే వేగంతో, అంటే సెకనుకు సుమారు 3 కిలోమీటర్లతో, భాగించండి. వచ్చిన 3.1ను 2.718కు ఘాతంగా వేస్తే 22 వస్తుంది. 1903లో రష్యా శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ ప్రచురించిన సూత్రం ఇదే: చివరకు 1 కిలో మిగలాలంటే నేల మీద 22 కిలోలు ఉండాలి, అందులో 21 ఇంధనమే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 12 కిలోల ఇంధనానికి ట్యాంకులు, ఇంజిను కలిపి 1 కిలో అనుకొంటే, 21 కిలోలకు 1.75 కిలోలు కావాలి. మిగిలేదే 1 కిలో కాబట్టి ఉపగ్రహానికి చోటే లేదు.

అందుకే వేగాన్ని రెండు దశలకు సగం సగం పంచి, మొదటి దశ ఖాళీ కాగానే దాన్ని వదిలేసినట్టు లెక్క వేయండి. ఒక్కో దశకు మొదటి బరువుకూ చివర మిగిలే బరువుకూ నిష్పత్తి 4.7, మిగిలినదాంట్లో ట్యాంకుల బరువు తీసేస్తే అది సుమారు 6.8. రెండు దశలకు 6.8ను 6.8తో గుణిస్తే దాదాపు 46. అసాధ్యమైనది 46 కిలోలతో సాధ్యమైంది!

నిజమైన రాకెట్టుతో పోల్చండి. ఇస్రో రాకెట్టు ఎల్‌వీఎం3 బరువు 640 టన్నులు, దగ్గరి కక్ష్యకు చేర్చగలిగేది సుమారు 8 టన్నులు, అంటే కిలోకు 80. దాని రెండు ఘన ఇంధన బూస్టర్లలో వాయువుల వేగం 3 కంటే తక్కువ, ఉక్కు తొడుగుల బరువు ఎక్కువ కావడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

వాయువుల వేగం 3కు బదులు, అతిశీతల ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ వాడే క్రయోజెనిక్ ఇంజిను ఇచ్చే 4.3 వేసి చూస్తే, 46 కాస్తా 12కు దిగుతుంది. అయితే ద్రవ హైడ్రోజన్ బాగా తేలిక కాబట్టి దానికి పెద్ద ట్యాంకులు కావాలి, 12 కిలోల ఇంధనానికి 1 కిలో ట్యాంకులు, ఇంజిను అన్న మన లెక్క అక్కడ చెల్లదు. పైగా నేల నుంచి లేపేటప్పుడు వాయువుల వేగం కంటే నెట్టే బలం ముఖ్యం. అందువల్లనే ఎల్‌వీఎం3లో క్రయోజెనిక్ ఇంజినును పై దశకే ఉంచారు.