మిర్చి ధరల మీద టైమ్ సిరీస్ పని ఎలా మొదలుపెట్టాలి

నరసరావుపేట దగ్గర మా ఊళ్లో మా పెదనాన్న ఏటా నాలుగెకరాల్లో మిర్చి వేస్తారు. కోతలు అయ్యి, కాయ కల్లంలో ఎండాక మార్చిలో ఆయన నన్ను అడిగేది ఒక్కటే: "అమ్మాయ్, ఇప్పుడే అమ్మేద్దామా, కోల్డ్ స్టోరేజీలో పెడదామా?" నేను కాలేజీలో పాఠాలు చెప్పేది ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక విషయాల్ని డేటాతో లెక్కగట్టే శాస్త్రం. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలని కూర్చున్నప్పుడు నేర్చుకున్నదంతా నా ఎం.ఏ., పీహెచ్‌డీ పిల్లల కోసం రాస్తున్నాను. జీరెట్ల్ (gretl) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఆర్, పైథాన్ వచ్చినవాళ్లు వాటిలోనే చేసుకోండి.

ముందు డేటా. టైమ్ సిరీస్ అంటే కాలక్రమంలో వరుసగా రాసుకున్న అంకెలు. కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో మార్కెట్ వారీగా, రోజువారీగా సరుకు రాక, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు ఉంటాయి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర అమ్ముడైందో ఆ ధర. అదే తీసుకోండి. గరిష్ఠ ధర పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది కానీ, చాలామంది రైతుల చేతికి వచ్చేది అది కాదు. తేజ, 334, బ్యాడిగి రకాల్లో దేని ధర దానిదే. తాలు కాయకూ మంచి కాయకూ అసలు పోలికే లేదు. ఒక్క రకం ఎంచుకుని చివరిదాకా దానితోనే ఉండండి. నేను తేజ తీసుకున్నాను, ఎందుకంటే ఖమ్మంలోనూ అదే నడుస్తుంది. ఆ సంగతి తర్వాత పనికొస్తుంది.

డౌన్‌లోడ్ చేసిన వెంటనే టెస్టుల్లోకి దూకొద్దు. ఒక సాయంత్రమంతా ఆ అంకెల్ని కళ్లతో చదవండి. 12,000 ఉండాల్సిన చోట ఒక సున్నా ఎగిరిపోయి 1,200 కనిపిస్తే అది పంట సంక్షోభం కాదు, టైపింగ్ పొరపాటు. గుంటూరు యార్డుకు శని, ఆదివారాలు సెలవు. ఎండాకాలంలో సుమారు నెల రోజులు మొత్తం మూసేస్తారు. ఆ ఖాళీల్లో సున్నాలు పెట్టకండి. పక్క రెండు ధరల మధ్య గీత గీసి నింపినా, జరగని అమ్మకాన్ని జరిగినట్టు రాసినట్టే. నేను రోజువారీ ధరలు వదిలేసి వారానికి ఒక మధ్యస్థ విలువ తీసుకున్నాను. వేసవి సెలవు వారాల్ని ఖాళీగానే ఉంచి, సెలవు తర్వాత మొదటి వారానికి ఒక డమ్మీ (ఆ వారానికి 1, మిగతా వారాలకు 0 ఉండే అంకె) పెట్టాను. కొత్తగా యార్డు తెరిచిన రోజుల ధర మామూలు వారం ధరలా ఉండదని కమీషన్ ఏజెంట్లు ఎవరైనా చెబుతారు.

తర్వాత గ్రాఫ్ గీసి, దాని పక్కన ఊరి చరిత్ర రాయండి. 2020 మార్చిలో లాక్‌డౌన్, యార్డు మూత. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని తినేసింది, సరుకు తగ్గి ధర లేచింది. 2025 ఫిబ్రవరిలో ధర బాగా పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఈ తేదీలు మీ దగ్గర లేకపోతే టెస్టు చెప్పేదాన్ని మీరు తప్పుగా చదువుతారు. మధ్యలో ఒక పెద్ద విరుపు ఉన్న సిరీస్‌ను మామూలు యూనిట్ రూట్ టెస్టు (కుదుపు తగిలాక సిరీస్ మళ్లీ పాత దారికి వస్తుందా లేదా అని చూసే పరీక్ష) దారీతెన్నూ లేని సిరీస్ అనుకునే ప్రమాదం ఉందని పెరాన్ అనే ఆర్థికవేత్త 1989లోనే చూపించాడు. అనుమానం ఉంటే విరుపును లెక్కలోకి తీసుకునే జివాట్–ఆండ్రూస్ టెస్టు కూడా చేయండి.

ధరను లాగరిథమ్‌లోకి మార్చండి. 8,000 నుంచి 10,000కు పెరిగినా, 16,000 నుంచి 20,000కు పెరిగినా రైతుకు అది 25 శాతమే. లాగరిథమ్‌లో రెండూ 0.223 అవుతాయి. (వెనకటి విలువను కూడా మనం "లాగ్" అనే అంటాం. నోట్సులో రెండూ కలిసిపోయి పిల్లలు తికమకపడటం చూశాను. అందుకే నేను ఒకదాన్ని లాగరిథమ్ అని, రెండోదాన్ని వెనకటి వారం అని రాస్తాను.)

ఇప్పుడు అసలు జాగ్రత్త. మొదట్లో నేను గుంటూరు మిర్చి ధరను బంగారం ధర మీద రిగ్రెస్ చేశాను, అంటే బంగారం ధరతో మిర్చి ధరను వివరించే గీత గీశాను. ఆర్-స్క్వేర్ (ఆ గీత వివరించగలిగిన వంతు) 0.8 దాటింది, టీ విలువ (సంబంధం ఎంత గట్టిదో చెప్పే అంకె) బ్రహ్మాండంగా వచ్చింది. రెండు రోజులు సంతోషంగా తిరిగాను. డర్బిన్–వాట్సన్ (పోయిన వారం తప్పు ఈ వారంలోకీ కొనసాగుతోందా అని చెప్పే అంకె) చూస్తే 0.1 దగ్గర ఉంది. ఆర్-స్క్వేర్ కన్నా డర్బిన్–వాట్సన్ తక్కువైతే ఆ సంబంధాన్ని నమ్మొద్దు. గ్రేంజర్, న్యూబోల్డ్ 1974లో ఒకదానితో ఒకటి సంబంధమే లేని సిరీస్‌లను కంప్యూటర్లో పుట్టించి రిగ్రెస్ చేస్తే, సుమారు ముప్పావు వంతు సార్లు "సంబంధం ఉంది" అనే జవాబు వచ్చింది. ఈ ప్రయోగం మీరు కూడా చేయండి. జీరెట్ల్‌లో రెండు ర్యాండమ్ వాక్‌లు (ప్రతి అడుగూ యాదృచ్ఛికంగా పడే సిరీస్‌లు) పుట్టించి 20 సార్లు రిగ్రెస్ చేయడానికి పావుగంట పట్టదు. ఒకసారి చేసి చూస్తే జన్మలో మర్చిపోరు.

అందుకే ముందు ఏడీఎఫ్ (ఆగ్‌మెంటెడ్ డికీ–ఫుల్లర్) అనే యూనిట్ రూట్ టెస్టు. డికీ, ఫుల్లర్ 1979లో ఇచ్చిన దానికి విస్తరణ ఇది. మామూలు టీ పట్టికలోని -1.65 ఇక్కడ చెల్లదు. స్థిరపదం ఉన్న టెస్టులో పెద్ద శాంపిల్‌కు 5 శాతం హద్దు -2.86. నా తేజ సిరీస్‌కు -1.9 వచ్చింది, అంటే యూనిట్ రూట్‌ను కాదనలేం. ఈ వారం ధర నుంచి పోయిన వారం ధర తీసేసి మళ్లీ చేస్తే హద్దు దాటి చాలా కిందికి వెళ్లింది. కేపీఎస్ఎస్ అనే టెస్టు కూడా చేయండి, కానీ అందులో మూల ఊహ తిరగబడి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. అక్కడ కాదనలేనిది సిరీస్ స్టేషనరీ (ఒక సగటు చుట్టూనే తిరిగేది) అనే ఊహను.

ఖమ్మం ఇక్కడ పనికొస్తుంది. గుంటూరు తేజ, ఖమ్మం తేజ రెండూ విడివిడిగా ఎటు పోతాయో తెలియదు, కానీ ఒకదానికొకటి మరీ దూరం పోలేవు. తేడా లారీ కిరాయి కన్నా పెరిగితే వ్యాపారి ఒకచోట కొని ఇంకోచోట అమ్ముతాడు. కోఇంటిగ్రేషన్ అంటే ఇంతే. ఎంగిల్, గ్రేంజర్ 1987 పద్ధతిలో ఒక ధరను రెండోదాని మీద రిగ్రెస్ చేసి, ఆ గీత వివరించకుండా మిగిలిన తేడాలకు (రెసిడ్యువల్స్‌కు) యూనిట్ రూట్ టెస్టు చేస్తాం. రెండు సిరీస్‌లకు హద్దు ఇక్కడ -3.34. పాత -2.86తోనే సరిపెట్టేసిన థీసిస్‌లు నేను దిద్దాను. అది పెద్ద తప్పు. కోఇంటిగ్రేషన్ తేలితే ఆ తేడా ఎంత వేగంగా సర్దుకుంటుందో చెప్పే ఎర్రర్ కరెక్షన్ మోడల్ కట్టండి. సర్దుబాటు గుణకం -0.2 అనుకోండి. అంటే వారానికి తేడాలో ఐదో వంతు సర్దుకుంటుంది, సుమారు మూడు వారాల్లో సగం పోతుంది. ఆ అంకెను యార్డులో ఒక వ్యాపారికి చెప్పి "ఇలాగే ఉంటుందా?" అని అడగండి. ఆయన నవ్వితే మళ్లీ డేటా దగ్గరికి వెళ్లాలి.

అంచనా కోసం అరిమా (వెనకటి విలువల నుంచే రాబోయేదాన్ని లెక్కగట్టే మోడల్) చిన్నది చాలు. ఒకటి రెండు వెనకటి వారాలు, పంటకాలానికి నెలల డమ్మీలు. రెసిడ్యువల్స్‌లో ఇంకా ఏదైనా మిగిలిందేమో బ్రూష్–గాడ్‌ఫ్రే టెస్టుతో చూడండి. ఆ కోవ టెస్టులకు మూలం మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1948లో ఇచ్చిన స్కోర్ టెస్టు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనిషి పని రోజూ నా స్క్రీన్ మీద కనిపిస్తుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

చివరి 52 వారాలు పక్కన పెట్టి, వాటికి ముందున్న డేటాతోనే ఒక్కో వారం అంచనా వేసుకుంటూ రండి. దాన్ని "వచ్చే వారం ధర ఈ వారం ధరే" అనే అమాయకపు అంచనాతో పోల్చండి. ఈ పోలిక లేని థీసిస్ మీద నేను సంతకం పెట్టను. నా మోడల్ వారం ముందు అంచనాలో కొద్దిగా గెలిచింది, ఆరు నెలల ముందు అంచనాలో గెలవలేదు. పెదనాన్నకు కావాల్సింది ఆరు నెలల అంచనా.

అందుకని ఆయనకు ఒక్క అంకె కాకుండా హద్దులు ఇచ్చాను. గుండ్రటి అంకెల్లో చెబుతాను. ఇవాళ్టి ధర క్వింటాలుకు 14,000 రూపాయలు, వారపు మార్పు ప్రామాణిక విచలనం 3 శాతం అనుకుందాం. 26 వారాలకు అది 3ని 26 వర్గమూలంతో గుణిస్తే వచ్చే 15.3 శాతం. నూటికి 80 సార్లు ధర 11,500, 17,000 మధ్య ఉంటుంది. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీతో ఆరు నెలలకు 1,680, స్టోరేజీ అద్దె, హమాలీ కలిపి 320. అంటే 16,000 దాటితేనే దాచినందుకు గిట్టుబాటు. అలా దాటే అవకాశం నూటికి 19. అక్టోబరు వైపు ధర పెరిగే అలవాటు ఆ రకానికి నిజంగా ఉందని మీ డేటా చెబితే ఈ 19 పెరుగుతుంది. లేకపోతే పెంచకండి.

ఇదంతా ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చాను. పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "నూటికి 19 అంటే ఐదేళ్లకోసారన్న మాట" అన్నారు. అప్పు తెచ్చిన డబ్బుకు సరిపడా 60 టిక్కీలు (మిర్చి బస్తాలు) ఆ వారమే యార్డుకు పంపించి, మిగతా 40 స్టోరేజీలో పెట్టారు.