పర్లాకిమిడి బయల్దేరే ముందు

సెలవులకు విదేశాల నుంచి వచ్చిన మన పిల్లలు ఒక్కపూటలో ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి చూసొచ్చేస్తామంటారు. చూడొచ్చు, ఇవి ముందే చూసుకుంటే.

– నౌపడ–గుణుపురం లైన్లో రైళ్ళు తక్కువ. వెళ్ళే రైలు కన్నా ముందు తిరుగు రైలు టైము కనుక్కోండి.

– రాత్రి ఆగాలంటే లాడ్జికి ముందే ఫోన్ చేసి, మీది విదేశీ పాస్‌పోర్టని చెప్పండి. అలాంటివాళ్ళ వివరాలు ప్రభుత్వానికి పంపాలి కాబట్టి, ఆ తలనొప్పెందుకని చిన్న లాడ్జిలు గది లేదనేయొచ్చు.

– చిల్లర నోట్లు.

– గజపతుల కోట మ్యూజియం కాదు. అడక్కుండా గేటు దాటొద్దు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలవడానికి ముఖ్యకారకుడు ఇక్కడి మహారాజు కృష్ణచంద్ర గజపతి. ఆ సంగతి మీద టీకొట్టు దగ్గర వాదన పెట్టుకోకండి, రైలు తప్పిపోతుంది.

– కొమ్ముతో చేసిన కొంగలు, దువ్వెనలు ఇక్కడి ప్రత్యేకం. కొనే ముందు ఏ జంతువు కొమ్మో అడగండి. గేదె కొమ్మైతే సరే. జింక కొమ్ము జోలికి పోవద్దు, వన్యప్రాణి చట్టం ఉంది. బిల్లు తీసుకోండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్ళేవాళ్ళు విమానాశ్రయంలో వీటిని తప్పనిసరిగా చూపించాలి, దాస్తే జరిమానా. నన్నడిగితే, ఆ దేశాలవాళ్ళు ఫొటోతో సరిపెట్టుకోవడం మేలు.

– బోర్డులు ఒడియాలో ఉంటాయని కంగారొద్దు. తెలుగులోనే అడగండి.

– దగ్గర్లోని శ్రీముఖలింగం కూడా చూడాలంటే అది పొద్దున్నే పెట్టుకోండి. మధ్యాహ్నం గుడి మూసేస్తే మళ్ళీ తెరిచేదాకా కూర్చోవాలి.